సంవత్సరాంతపు లెక్క

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 8:1-10, 1 సమూయేలు 7:3-12, లూకా 13:6-9, లూకా 19:1-10.

ముఖ్యాంశము: గడచిన సంవత్సరమును దేవుని యెదుట తెరచి చూచు విశ్వాసి కృతజ్ఞతతో ఆరంభించి, తన పొరుగువానితో లెక్క సరిచేసికొని, ఫలింపని దానిని తోటమాలి చేతి కప్పగింపవలెను.

డిసెంబరు 31వ తేది రాత్రి మన దేవాలయములు నిండిపోవును. సంవత్సరమంతయు కనబడనివారు కూడ ఆ రాత్రి వచ్చి కూర్చుందురు. దూరపు పట్టణములలో ఉద్యోగము చేయుచు క్రిస్మసు పండుగకు ఇంటికి వచ్చినవారు ఆ ఆరాధన ముగియువరకు ఆగి, పిమ్మట ప్రయాణమగుదురు. పండ్రెండు గంటలకు దేవాలయపు గంట మ్రోగును. ఒకరి చేయి ఒకరు పట్టుకొని శుభములు చెప్పుకొందురు. తరువాత అనేక సంఘములలో వాగ్దాన వచనములు వ్రాసిన కార్డులు పళ్లెములో పెట్టి తెచ్చెదరు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసికొందురు. చదువురాని అవ్వ తన కార్డును ప్రక్కనున్న పిల్లవానిచేత చదివించుకొని, భద్రముగా కొంగున ముడివేసికొనును.

ఇది మంచి ఆచారమే. అయితే ప్రియ చదువరులారా, ఒక ప్రశ్న అడుగుదము. నిరుడు అదే రాత్రి మనము తీసికొన్న కార్డు ఇప్పుడెక్కడ నున్నది? బైబిలు పుటల మధ్య నున్నదా? బీరువా అరలో నున్నదా? అది దొరకినను, దానిమీదనున్న మాట ఈ పన్నెండు నెలలలో మన ఇంట ఏమి చేసెనో చెప్పగలమా? క్రొత్త వాగ్దానము కొరకు చేయి చాపువారమందరము పాత వాగ్దానమును గూర్చి లెక్క చెప్పుటకు సిద్ధముగా నున్నామా?

ఈ రాత్రి జాగరణకు పాత చరిత్ర కలదు. ఇంగ్లండులో బ్రిస్టలు సమీపమున కింగ్స్‌వుడ్ అను బొగ్గుగనుల ప్రాంతముండెను. అచ్చటి గనిపనివారిలో పలువురు మారుమనస్సు పొందకమునుపు శనివారపు రాత్రులను సారాయి దుకాణములలో గడుపుచుండిరి. మారిన పిమ్మట అవే గంటలను వారు ప్రార్థనలో గడుపసాగిరి. జాన్ వెస్లీ దీనిని చూచి ప్రోత్సహించి, 1742లో లండనులో కూడ ఆరంభించెను. జనులు అర్ధరాత్రి దాటిన తరువాత వెన్నెలలో ఇండ్లకు నడచి పోవుటకు వీలుగా, పౌర్ణమికి దగ్గరనున్న రాత్రినే ఏర్పరచెడివాడు. ఆ జాగరణ పాత జీవితపు గంటలను దేవునికి తిరిగి అప్పగించు కార్యము. నేడు మనమును ఆ రాత్రిని అట్లే గ్రహింపవలసి యున్నది. దానికి నాలుగు మెట్లు చూతము.

1. ముందు జ్ఞాపకము, తరువాత పరీక్ష

మనలో ఆత్మపరీక్ష అనగానే తప్పుల పట్టిక వ్రాయుటకు కూర్చుండువారు కొందరు. అట్టివారు త్వరలోనే అలసిపోవుదురు. లేదా నిరాశలో మునుగుదురు. మరికొందరు తమ విజయములను లెక్కించి తృప్తిపడుదురు. లేఖనము చూపు క్రమము ఈ రెంటికంటె వేరు.

విలాపవాక్యములు మూడవ అధ్యాయమును గమనించుడి. యెరూషలేము కూలిపోయిన తరువాతి శిథిలముల మధ్య పుట్టిన మాటలవి. తన మార్గములను వెదకి పరీక్షించుకొనవలెనను పిలుపు 40వ వచనములో నున్నది. కాని దానికి ముందే, 22, 23 వచనములలో, దేవుని దయ ముగియలేదనియు, ప్రతి ఉదయము అది క్రొత్తగా కలుగుచున్నదనియు ఒప్పుకోలు కలదు. కృపను తలంచినవాడే భయపడక తన తప్పును చూడగలడు. వైద్యుడు దయగలవాడని యెరిగిన రోగియే తన పుండును కప్పుకొనక చూపును.

ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో మోషే నలువది సంవత్సరముల మార్గమును జ్ఞాపకము చేసికొనుమని జనులకు చెప్పెను. వారు జ్ఞాపకముంచుకొనవలసినవి మన్నాయు, పాతగిలని వస్త్రములును, వాయని కాళ్లును మాత్రమే కావు. ఆకలియు ఆ జ్ఞాపకములో చేరియున్నది. దేవుడు వారిని అణచి, ఆకలిగొననిచ్చి, పిమ్మట పోషించెనని మోషే స్పష్టముగా చెప్పుచున్నాడు. కనుక కృతజ్ఞత అనగా చేదును మరచి తీపిని మాత్రమే తలంచుట కాదు. ఈ సంవత్సరము తుపానులో పంట పోగొట్టుకొన్న రైతు, పని పోయిన యౌవనుడు, క్రిస్మసు భోజనమునకు కూర్చున్నప్పుడు ఒక చోటు ఖాళీగా చూచిన కుటుంబము — వీరు బలవంతముగా నవ్వుచు స్తుతింపనక్కరలేదు. ఆకలిని ఆకలి యనియే దేవునితో చెప్పవచ్చును. ఆ ఆకలిలో ఎవరి చేతినుండి ఏ పూట అన్నము వచ్చెనో, ఏ రాత్రి ఎవరు వచ్చి ప్రక్కన కూర్చుండిరో, దానినికూడ చెప్పవలెను. అదియే మోషే నేర్పిన జ్ఞాపకము.

2. రాయి నిలుపుటకు ముందు

మన ఇండ్ల గుమ్మములపై ఎబెనెజరు అను పేరు ఎంతో ప్రీతితో వ్రాయించుకొందుము. సంవత్సరాంతమున ఈ మాటపై ప్రసంగము వినని సంఘము అరుదు. సమూయేలు మిస్పాకును షేనుకును మధ్య ఒక రాతిని నిలిపి, అంతవరకు యెహోవా తమకు తోడ్పడెనని సాక్ష్యమిచ్చెను. ఇది 1 సమూయేలు 7:12లో నున్నది. అయితే మనము పన్నెండవ వచనముతో ఆరంభించి దానితోనే ముగించుచున్నాము. దానికి ముందున్న వచనములలో ఏమి జరిగెను?

మూడవ వచనములో సమూయేలు జనులతో అన్యదేవతలను తీసివేయుడని చెప్పెను. నాలుగవ వచనములో వారు బయలు దేవతలను, అష్తారోతు దేవతలను తీసివేసిరి. ఆరవ వచనములో మిస్పాలో కూడి, నీళ్లు చేది దేవుని సన్నిధిని కుమ్మరించి, ఉపవాసముండి, తాము పాపము చేసితిమని ఒప్పుకొనిరి. ఆ తరువాతనే యుద్ధము. ఆ తరువాతనే విడుదల. ఆ తరువాతనే రాయి.

మరియొక సంగతి. ఎబెనెజరు అను పేరు మొదట నాలుగవ అధ్యాయములో కనబడును. అచ్చట ఇశ్రాయేలీయులు దిగి, ఫిలిష్తీయుల చేతిలో రెండు మారులు ఓడిపోయి, దేవుని మందసమును కూడ పోగొట్టుకొనిరి. ఆ ఓటమికి ముందు వారు పశ్చాత్తాపపడలేదు; మందసమును శిబిరములోనికి తెచ్చి, అది తమ్మును రక్షించునని తలంచి కేకలు వేసిరి. అనగా దేవుని మందసమును తాయెత్తువలె వాడుకొనిరి. ఏడవ అధ్యాయములో మందసము చేత లేదు, విరిగిన హృదయమున్నది. అప్పుడు జయము కలిగెను.

మన వాగ్దాన కార్డు నాలుగవ అధ్యాయపు మందసమగునా, లేక ఏడవ అధ్యాయపు రాయి యగునా? జేబులో నుంచుకొన్నంత మాత్రమున కాపాడునను తలంపుతో తీసికొనినయెడల అది తాయెత్తే. ఇంటనున్న బయలును బయటికి పంపి తీసికొనినయెడల అది సాక్ష్యము. ఆ బయలు ధనాశయే కావచ్చు, త్రాగుడే కావచ్చు, కులగర్వమే కావచ్చు. బాప్తిస్మము పొంది తరములు గడచినను, పెండ్లి మాటలకు కూర్చున్నప్పుడు మొదట అడుగబడు ప్రశ్న ఏదియో ప్రతి ఇంటివారికిని తెలియును.

3. పొరుగువాని పుట

వర్తకుని పద్దు పుస్తకములో ఎవరు తనకు బాకీ యున్నారో స్పష్టముగా నుండును. తాను ఇతరులకు ఇయ్యవలసినది వేరొక పుటలో నుండును. మన హృదయపు పుస్తకములో మొదటి పుట ఎప్పుడును తెరచియే యుండును. ఎవరు మనలను అవమానించిరో, ఎవరు మన మేలు మరచిరో, తేదీలతో సహా చెప్పగలము. రెండవ పుట తెరచుటకే సంవత్సరాంతము.

ఆ పుటలో ఏమేమి యుండును? తీసికొని తిరిగి ఇయ్యని చేబదులు. పండుగ ఖర్చుల నెపమున ఆపిన పనిమనిషి జీతము. కూలివాని కూలి రాత్రి గడచి తెల్లవారువరకు కూడ నిలుపరాదని లేవీయకాండము 19:13 చెప్పుచున్నది. యాకోబు పత్రిక 5:4 ప్రకారము ఆ నిలిపిన కూలియే దేవునికి మొఱపెట్టును. అన్నదమ్ముల మధ్య రెండడుగులు జరిగిన పొలము గట్టు. కోడలిని ఆమె పుట్టింటివారి యెదుట అన్న మాట. సంఘ కమిటీ ఎన్నికలనాడు పుట్టి, నేటికిని చల్లారని పగ. ఒకే బల్ల యొద్ద మోకరించి, ఒకే రొట్టెలో పాలుపొంది, వెలుపలికి వచ్చి చెప్పులు తొడుగుకొనునప్పుడు ముఖములు త్రిప్పుకొనువారు మన సంఘములలో లేరా?

ఈ పుటను విడిచి దేవునితో మాత్రమే లెక్క సరిచేసికొనుట సాధ్యము కాదు. లేవీయకాండము 6వ అధ్యాయపు మొదటి ఏడు వచనములలో, పొరుగువానిని మోసగించినవాడు ఏమి చేయవలెనో విధి కలదు. సొత్తు మూలమును తిరిగి ఇయ్యవలెను. దానికి అయిదవ వంతు కలుపవలెను. అటుపిమ్మట అపరాధపరిహారార్థమైన పొట్టేలును తేవలెను. మన ప్రభువు కొండమీది ప్రసంగములో ఇదే క్రమమును మరింత లోతుగా నేర్పెను. బలిపీఠము నొద్దకు వచ్చినవాడు సహోదరునికి తనమీద విరోధమున్నట్లు జ్ఞాపకము వచ్చినయెడల, అర్పణము నచ్చటనే విడిచి, మొదట సహోదరుని యొద్దకు పోవలెను (మత్తయి 5:23-24).

జక్కయ్యను చూడుడి. యెరికోలో సుంకపు గుత్తదారుల పెద్ద. ధర్మశాస్త్రము అయిదవ వంతు కలుపుమనగా, అతడు నాలుగంతలు ఇచ్చెదననెను. ఆస్తిలో సగము బీదలకు పంచెదననెను. ప్రభువు అతని నుండి ఈ సొమ్ము అడిగినట్లు లూకా వ్రాయలేదు. ఆయన అతని ఇంట అతిథిగా నుండుటకు ఇష్టపడెను, అంతియే. కృప ముందు ఇంటికి వచ్చెను. దాని వెంట లెక్క సరియయ్యెను. కనుక బాకీ తీర్చుట రక్షణకు చెల్లించు వెల కాదు. రక్షణ ఆ ఇంటికి వచ్చిన గురుతు.

ఇచ్చట రెండు చిక్కులను గూర్చి చెప్పవలసి యున్నది. మొదటిది, క్షమాపణ వేడుకొనినను అవతలివారు అంగీకరింపకపోవచ్చును. రోమా 12:18లో పౌలు ఈ సంగతి ఎరిగియే వ్రాసెను. సమాధానము మన చేతనైనంతవరకే మన బాధ్యత. అట్లే, అన్యాయము సహించినవారు అన్యాయము చేసినవాని తప్పును తమ మీద వేసికొననక్కరలేదు. కొట్టబడిన భార్య కొట్టిన భర్త తరపున క్షమాపణ చెప్పవలెనని లేఖనము చెప్పదు. రెండవది, మనము బాధించినవారు ఈ సంవత్సరములోనే గతించి యుండవచ్చును. వారికి చెప్పవలసిన మాట సమాధి దాటిపోలేదు. ఆ మాటను క్రీస్తుతో చెప్పి, వారి పిల్లలకు చేయగల మేలును చేయుట మాత్రమే మనకు మిగిలిన మార్గము. ఇది గ్రహించినవాడు బ్రదికియున్న తండ్రి యొద్దకు, అక్క యొద్దకు పోవుటకు మరియొక డిసెంబరు కొరకు వేచియుండడు.

4. ఫలము లేని సంవత్సరము

లూకా 13వ అధ్యాయములోని అంజూరపు చెట్టు మూడేండ్లు కాపులేకుండెను. యజమానుడు నరికివేయుమనగా, తోటమాలి మరియొక్క సంవత్సరపు గడువు వేడుకొనెను. చుట్టును త్రవ్వి ఎరువు వేయుదుననెను. చెట్టు ఏమియు వాగ్దానము చేయలేదు. వాగ్దానము చేసినవాడు తోటమాలి. క్రొత్త సంవత్సరము మనకు వచ్చునది హక్కుగా కాదు. ఎవరో వేడుకొనగా దొరకిన గడువుగా వచ్చుచున్నది. అయితే ఆ గడువులో త్రవ్వుట కూడ నున్నది. పార వేళ్ల దగ్గరకు వచ్చినప్పుడు చెట్టుకు నొప్పి కలుగును. ఈ సంవత్సరము మనకు కలిగిన కొన్ని దెబ్బలు గొడ్డలి దెబ్బలు కావు, పార దెబ్బలని తరువాత తెలియవచ్చును.

తెలుగు సంఘ చరిత్రలో ఇట్టి సంవత్సరాంతము ఒకటి కలదు. అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో ఆరంభమై, 1840లో నెల్లూరునకు చేరెను. పదునేడు సంవత్సరములు గడచినను విశ్వాసులు వేళ్లమీద లెక్కింపదగినంతమందియే. 1853లో ఆ మిషనును మూసివేయుటను గూర్చి అమెరికాలో చర్చ జరిగెను. ఆ సంవత్సరము ముగిసి, 1854 జనవరి 1వ తేదిన, సూర్యోదయమునకు ముందు, లైమన్ జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలులోని కొండ ఎక్కి ప్రార్థించిరి. ఒంగోలునకు ఒక సేవకుని పంపుమని వారు వేడుకొనిరి. తరువాత ఆ కొండకు ప్రార్థన కొండ అను పేరు నిలిచెను.

వారు కొండ దిగినప్పుడు చేతిలో ఫలమేమియు లేదు. ఆ సంవత్సరమును రాలేదు. మరుసటి సంవత్సరమును రాలేదు. పండ్రెండు సంవత్సరములు గడచిన తరువాత, 1866లో, జాన్ క్లవ్ ఒంగోలులో నివాసమేర్పరచుకొనెను. 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. కూడు కొరకు మతము మారిరను మాట రాకుండునట్లు, కరవు కాలమున ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. కాని బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు దొరకునట్లు చేసెను. పిదప 1878 జూలై 3వ తేదిన, గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి యొద్ద, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండమీది ఉదయమునకును నదిలోని ఆ దినమునకును మధ్య ఇరువది నాలుగున్నర సంవత్సరములు.

1853 డిసెంబరు 31న ఎవరైనను ఆ మిషను లెక్క వ్రాసియుండినయెడల నష్టమనియే వ్రాసియుందురు. ఆ లెక్క అబద్ధము కాదు, అసంపూర్ణము. మన లెక్కయు అట్టిదే. ఈ సంవత్సరము మనము ప్రార్థించినను మారని కుమారుడు, బోధించినను వినని గ్రామము, పెంచినను పెరగని సండేస్కూలు తరగతి — వీటిని నష్టపు పుటలో వ్రాసి మూసివేయుటకు మనకు అధికారము లేదు. తోటమాలి చేతికి అప్పగించి, తెల్లవారకముందే మరల కొండ ఎక్కవలెను.

ఆచరణకు

ఈ పనిని డిసెంబరు 31 రాత్రి పది గంటలకు ఆరంభింపకుడి. ఆ వేళ పొరుగువాని తలుపు మూసియుండును. క్రిస్మసు మరునాటినుండి సంవత్సరాంతమువరకు నున్న దినములలో ఒక సాయంకాలమును ప్రత్యేకించుడి. ఒక కాగితము తీసికొని నాలుగు భాగములు చేయుడి. మొదటి భాగములో పన్నెండు నెలలకును ఒక్కొక్క మేలును, ఆ మేలు ఎవరిచేత వచ్చెనో వారి పేరును వ్రాయుడి. రెండవదానిలో తీసివేయవలసిన దానిని ఒక్కదానినే వ్రాయుడి. పది వ్రాసినవాడు ఒక్కటియు తీసివేయడు. మూడవదానిలో ఇయ్యవలసిన సొమ్మును, చెప్పవలసిన మాటను, అవి చేరవలసినవారి పేర్లతో వ్రాయుడి. నాలుగవదానిలో ఫలింపని పనిని వ్రాసి, దానిక్రింద ప్రార్థించుడి. మూడవ భాగములోని పేర్ల యొద్దకు 31వ తేదికి ముందే వెళ్లుడి. సంవత్సరాంతపు ఆరాధనకు వచ్చు దారిలో ఆ ఇల్లు ఉండియుండవచ్చును.

ఈ లెక్క సంవత్సరమున కొక్కమారు చేసి చాలించుకొనునది కాదు. జోనాతాన్ ఎడ్వర్డ్సు పందొమ్మిదేండ్ల వయస్సున, 1723లో, తన తీర్మానములలో ఒకదానిగా, ప్రతి దినము, ప్రతి వారము, ప్రతి మాసము, ప్రతి సంవత్సరము ముగియునప్పుడు, తానింకను ఏ విషయములో మెరుగుగా ప్రవర్తించి యుండవచ్చునో తన్ను తానే అడుగుకొనవలెనని వ్రాసికొనెను. రోజు లెక్క రోజు చూచుకొను దుకాణదారునికి సంవత్సరాంతము భయము పుట్టింపదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నిరుడు నీవు పొందిన వాగ్దానము ఏది? అది నీ యింట ఏ కార్యమునకు దారితీసెను?
2. 1 సమూయేలు 4వ అధ్యాయములోని జనులకును 7వ అధ్యాయములోని జనులకును గల భేదమేమి?
3. నీ పొరుగువాని పుటలో మొదటి పేరు ఎవరిది? వారి యొద్దకు ఎప్పుడు పోయెదవు?
4. నీవు నష్టమని తలంచిన ఏ పనిని మరల తోటమాలి చేతి కప్పగింపవలసి యున్నది?

ప్రార్థన

కృపగల తండ్రీ, ఈ సంవత్సరపు అన్నము నిమిత్తమును, ఆకలిలో నీవు మమ్మును విడువనందు నిమిత్తమును నీకు వందనములు. మేము దాచుకొనిన దానిని తీసివేయుటకు ధైర్యమిమ్ము. మేము ఇయ్యవలసిన వారి గుమ్మము నొద్దకు మా కాళ్లను నడిపింపుము. కాపులేని మా కొమ్మలను నీ కుమారుని చేతి కప్పగించుచున్నాము. ఆయన త్రవ్వునప్పుడు మేము సణుగకుండ మాకు ఓర్పు ననుగ్రహింపుము. మరియొక సంవత్సరము నీవిచ్చినయెడల, అది నీదని యెరిగి గడుపునట్లు చేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.